గాయపడ్డ చీమలూ, ఒక గుంట మగ్గం

విజయవాడ వెళ్ళి వచ్చానని తెలియగానే మా అనంతపురంలో ప్రతివాళ్ళూ అడిగింది అమ్మవారి దర్శనం బాగా జరిగిందా అని. జరగలేదు. కొండ కింద నుంచి రెండుసార్లు ఆటోలో పోయాను, అంతే. నేను వెళ్ళింది చీమల కోసం. ఆ మాట చెబితే ఎదుటివాళ్ళు కాస్త ఆగి, పాపం రిటైరవకముందే ఇలా అయిపోయాడేమిటన్నట్టు చూస్తున్నారు. నోటితో చెప్పలేకపోయిన సంగతులు ఇక్కడ రాస్తున్నాను. చదివి మీరూ అలాగే చూసినా నాకు అభ్యంతరం లేదు.

నేను డిగ్రీ కాలేజీలో జువాలజీ చెబుతాను. ఆఫ్రికాలో చెదపుట్టల మీదికి దండు కట్టి పోయే ఒక జాతి చీమలున్నాయి. పోరులో కాలు తెగినవాటిని తోటి చీమలు నోట కరుచుకుని గూటికి మోసుకొస్తాయి. గాయాన్ని నాకుతాయి. గాయం చెడితే తమ ఒంట్లో ఊరే మందు తీసి పూస్తాయి. ఇంకో జాతి చీమలైతే, తొడ దగ్గర దెబ్బ తగిలిన కాలిని మొదలంటా కొరికి తీసేస్తాయి. ఆ దెబ్బ తిన్న చీమ పారిపోదు, కాలు చాపి ఇస్తుంది. ఇవన్నీ చదివినప్పటి నుంచి నాకు చీమల మీద భక్తి కుదిరింది. మన చీమలు ఏం చేస్తాయో చూసి, వీడియో తీసి, మా పిల్లలకు చూపిద్దామనుకున్నాను. కొండపల్లి అడవి అంచున గండుచీమలు బారులు తీరి ఉంటాయని పీజీలో నాతో చదివిన సాంబశివరావు ఊరించాడు. వేసవి సెలవులు కదా, బయల్దేరాను.

ఎండ, ఇడ్లీ, సిలబస్

మాదీ ఎండ ఊరే. కానీ మా ఎండ మనిషిని వడియంలా ఎండబెడుతుంది, బెజవాడ ఎండ కుడుములా ఉడకబెడుతుంది. స్టేషన్ నుంచి సాంబశివరావు ఇంటికి చేరేసరికి నా చొక్కా పిండితే బిందె నిండేట్టుంది. ఆటో అతను మాత్రం, ఇంకా ఎండలు ముదరలేదండీ అని ధైర్యం చెప్పాడు.

ఇక్కడి టిఫిన్‌కు మాత్రం వంక పెట్టడానికి లేదు. నలభై రూపాయలకు నాలుగు ఇడ్లీలు, వాటి మీద కారప్పొడి, దాని మీద గరిటెడు నెయ్యి. మా వైపు హోటల్లో నెయ్యి అడిగితే ఏ ఊరని అడుగుతారు. ఇక్కడ వద్దంటే ఒంట్లో బాగాలేదా అని అడుగుతారు.

సాంబశివరావు డెల్టాలో నేతపని చేసుకునే కుటుంబం వాడు. అన్న మగ్గంలో కూర్చుని నేసి చదివిస్తే పైకొచ్చాడు. ఇప్పుడు ఒక కోచింగ్ కాలేజీలో బయాలజీ చెబుతాడు. వాడి క్లాసు వెనక బెంచీలో కూర్చుని విన్నాను. పిల్లలు తలెత్తకుండా రాసుకుంటున్నారు. బయటికొచ్చాక, నా చీమల సంగతి ఒక పది నిమిషాలు వాళ్ళకు చెప్పనా అని అడిగాను. అందులోంచి బిట్లు రావురా అన్నాడు. ఆ తర్వాత నాకు అడగాలనిపించలేదు.

భోజనాల దగ్గర వాడికి ఫోనొచ్చింది. ఊరి నుంచి అన్న వీరాస్వామి. ఆయనకు సంక్రాంతి తర్వాత కాలికి మేకు దిగిందట. షుగరుండి పుండు మానక, మోకాలి కింద నుంచి కుడికాలు తీసేశారట. గుంట మగ్గం అంటే నేలలో గుంట తీసి, అందులోకి కాళ్ళు వదిలి కూర్చుని నేసేది. కింద రెండు తొక్కుడు చెక్కలుంటాయి. ఒకటి మార్చి ఒకటి రెండు కాళ్ళతో తొక్కాలి. ఒంటికాలితో నేయడానికి వీలుగా ఆయన ఆటోనగర్‌లో ఏదో ఇనుప సాధనం చేయించుకుంటున్నాడు. అది తయారైందని, తీసుకొచ్చి పెట్టమని తమ్ముణ్ణి అడుగుతున్నాడు.

ఫోను పెట్టేసి సాంబశివరావు విసుక్కున్నాడు. యాభై ఐదేళ్ళు దాటాయి, షుగరు, ఒక కాలు లేదు, ఇంకా నేస్తానంటాడు, చెబితే వినడు అన్నాడు. నాకు క్లాసులున్నాయి, నువ్వెలాగూ తిరగడానికే వచ్చావు, అది ఇచ్చి మా ఊరు కూడా చూసి రారాదూ అన్నాడు. సరేనన్నాను. అన్నం పెట్టినవాడి మాట ఎలా కాదంటాం.

కొండపల్లిలో నాలుగు కాళ్ళ మీద

మర్నాడు పొద్దున్నే కొండపల్లి. ఒకవైపు థర్మల్ పొగగొట్టాలు, ఇంకోవైపు కొండ. బొమ్మలు చేసే వీధి దాటి కొండ మొదట్లోకి పోయేసరికి నిజంగానే గండుచీమల బారు కనిపించింది. మోకాళ్ళ మీద కూలబడి ఫోను తీశాను. కాసేపటికి ఒక మోటారు సైకిలు ఆ బారు మీదుగా పోయింది. నడిపినవాడికి చీమలూ కనపడలేదు, నేనూ కనపడలేదు.

చాలా చచ్చాయి. ఒకటి మాత్రం వెనక కాళ్ళు ఈడ్చుకుంటూ గిర్రున తిరుగుతోంది. రెండు చీమలు దాని దగ్గరికొచ్చాయి, మీసాలతో తడిమాయి, ఒకటి కాసేపు నాకింది. ఫోను ఇంకా దగ్గరికి జరిపాను. ఇంతలో వెనక నుంచి ఒక ఆడగొంతు, ఏం పోగొట్టుకున్నారండీ అని. పక్కనే బొమ్మల కొట్టావిడ. చీమల్ని చూస్తున్నానమ్మా అన్నాను. ఆవిడ నన్నూ చీమల్నీ మార్చి మార్చి చూసి, మంచినీళ్ళు తాగుతారా అంది.

నేను తల తిప్పి చూసేసరికి గాయపడ్డదాన్ని ఒక చీమ నోట కరుచుకుని పోతోంది. వెంట పడ్డాను. రాళ్ళ సందులోకి పోయింది. గూటికి తీసుకుపోయిందో, చచ్చినవాటిని పారేసే చెత్తకుప్పకు తీసుకుపోయిందో నాకు తెలియలేదు. రెండింటికీ చీమలు అలాగే మోస్తాయి. ఇంతదూరం వచ్చి నేను పట్టుకున్నది అంతే. దానికి తోడు మోకాలి దగ్గర ప్యాంటు చిరిగింది.

బొమ్మల కొట్టులో ఒక ఎద్దు కొన్నాను. కాలి దగ్గర సన్నటి అతుకు కనిపించింది. విరిగిందా అంటే ఆవిడ దాచలేదు. చింతగింజల ముద్ద పెట్టి అతికించామండీ, అతికినచోట మళ్ళీ విరగదు, మంచి కాలైనా విరుగుతుందిగానీ అంది. బేరం చేయబుద్ధి కాలేదు.

ఆటోనగర్ టీ

మధ్యాహ్నానికి ఆటోనగర్. ఎటు చూసినా బానెట్లు ఎత్తిన లారీలు, నిప్పురవ్వలు, సుత్తి దెబ్బలు. ఎవరు మాట్లాడినా కేకే, లేకపోతే వినపడదు. వీరాస్వామి చెప్పిన షెడ్డు వెతుక్కుంటూ మూడు షెడ్లు ఎక్కి దిగాను. మేస్త్రి భారీ మనిషి, నవ్వు మొహం. పాత లారీ క్లచ్ పెడల్ కోసి, కింద ఇరుసు వేసి, ఉయ్యాల బల్లలా ఊగేట్టు చేశాడు. పాదం ముందుకు వత్తితే ఒక చెక్క దిగుతుంది, మడమ వత్తితే రెండోది దిగుతుంది. ఒక్క కాలు చాలు. చేతికిస్తే మూడు ఇటుకల బరువుంది.

పక్కన టీ కొట్టు. టీ ఇచ్చినాయన కుడిచేతికి రెండే వేళ్ళున్నాయి. ఈయన మా లేత్ మిషన్ మనిషేనండీ అని మేస్త్రి గర్వంగా చెప్పాడు. చెయ్యి మిషన్లో పడిన రోజు ఈ వరసలో షెడ్లన్నీ ఆపేసి, రిపేరుకొచ్చిన లారీలోనే పడుకోబెట్టి ఆసుపత్రికి తీసుకుపోయారట. నెత్తురు ఇవ్వడానికి క్యూ కట్టారట. తర్వాత అందరూ కలిసి ఈ కొట్టు పెట్టించారట. చీమలు నయమనుకున్నాను, మనుషులు మాత్రం ఏం తక్కువ అనిపించింది ఆ కాసేపు. గ్లాసు తిరిగి ఇస్తూ, మంచి చోటే దొరికిందండీ మీకు అన్నాను.

ఆయన గ్లాసు కడుగుతూ, ఎదుటి షెడ్డులోకి గడ్డంతో చూపించాడు. "మంచి చోటేనండి. పొద్దస్తమానం నా మిషను నాకు కనపడతానే ఉంటది. ఆ కుర్రోడు దాన్ని సరిగ్గా వాడట్లేదండి."

టీ పది రూపాయలు. పర్సులో చిల్లర వెతుకుతున్నట్టు కాసేపు తల దించుకున్నాను.

మచిలీపట్నం పాసింజరు

ఆ ఇనుప సాధనం మోసుకుని స్టేషన్‌కొస్తే గేటు దగ్గర పోలీసాయన ఆపాడు. ఏమిటిదన్నాడు. మగ్గానికి క్లచ్ అన్నాను. మగ్గానికి క్లచ్చేమిటన్నాడు. ఒంటికాలి మనిషి కోసమని విప్పి చూపించేసరికి, తన బూటు కాలితో ఒకసారి తొక్కి చూసి, బాగుందండీ అని వదిలేశాడు. రైల్లో సీటు కింద పెడితే ఎదుటి సీటు ముసలావిడ దాని మీద కాళ్ళు పెట్టుకుని గుడివాడ దాకా సుఖంగా నిద్రపోయింది. లేచాక నాకు రెండు తాటిముంజలిచ్చి, బలే పీట నాయనా, ఎక్కడ కొన్నావు అంది.

మేలో కాలువలు కట్టేస్తారు. డెల్టా అంటే పచ్చగా ఉంటుందనుకుని వచ్చేవాళ్ళు ఈ నెలలో రావద్దు. కాలువ అడుగున గుర్రపుడెక్క ఎండి పడి ఉంటుంది, పొలాల్లో నెర్రెలు. మా ఊరే రైలెక్కి నాతో వచ్చిందా అనిపించింది. కానీ మా నేల ఎప్పుడూ అంతే, ఆశ పెట్టదు. ఇక్కడ నీళ్ళు చూసిన నేల ఎండితే ఇంకా బాధగా ఉంటుంది.

వంతు నేత

పెడన దాటాక ఊరు. వీధిలోకి అడుగుపెట్టగానే నాలుగైదు ఇళ్ళలోంచి మగ్గాల చప్పుడు. మా ధర్మవరంలో పట్టు మగ్గాల ముందు కూర్చునేది ఎక్కువగా కుర్రవాళ్ళు. ఇక్కడ మగ్గంలో ఉన్న ప్రతి తలా నెరిసిందే. వీరాస్వామి ఇంట్లోంచి కూడా చప్పుడు వస్తోంది. ఆయన మాత్రం అరుగు మీద నులకమంచంలో ఉన్నాడు. సన్నటి మనిషి, శుభ్రంగా గడ్డం గీసుకుని నా కోసమే ఎదురుచూస్తున్నాడు.

లోపల నేస్తున్నది నాంచారయ్య గారని, వీధికి పెద్ద. ఇక్కడ ఒక ఆచారం ఉంది. ఎవరికైనా జబ్బు చేసి మగ్గం మీద పడుగు, అంటే కొన్ని చీరలకు ఒకేసారి ఎక్కించిన నిలువు దారాలు, సగంలో ఆగితే, వీధివాళ్ళు వంతులేసుకుని కూర్చుని ఆ పడుగు మొత్తం నేసి పెడతారు. కూలి జబ్బు మనిషి ఇంటికే. మా వైపు నేనెక్కడా వినలేదు. వీరాస్వామి మగ్గం ఇన్నాళ్ళూ అలా నడిచింది. ఆ రోజు చివరి చీర. వంతు నేసినవాళ్ళందరూ వచ్చి అరుగు మీద కూర్చున్నారు.

వీరాస్వామికి వాళ్ళెవరూ కనపడలేదు. సాధనం కింద పెట్టించుకుని, మంచం అంచున కూర్చుని, ఎడమ పాదంతో ముందుకీ వెనక్కీ తొక్కుతున్నాడు. చేతులు ఖాళీగా ఉన్నా దారం నాడె అటూ ఇటూ విసురుతున్నట్టే కదులుతున్నాయి. ఆయన భార్య సీతారావమ్మ గడప మీద నిలబడి చూసి నవ్వింది. ఈయన నవ్వి ఎన్నాళ్ళయిందో అన్నయ్యగారూ అని నాకు మాత్రం వినపడేట్టు చెప్పింది. నూలిచ్చి కూలికి నేయించే షావుకారుకు రేపు కబురు చేస్తే కొత్త పడుగు పంపుతాడని, ఎల్లుండి కూర్చుంటానని ఆయన లెక్క.

మీరేం పని మీద వచ్చారని అడిగితే చీమల కథంతా చెప్పాను. సాంబశివరావు క్లాసులో చెప్పనివ్వని పాఠం ఆ అరుగు మీద చెప్పాను. ఆయన మధ్యలో తొక్కడం ఆపేశాడు. "కాలు కొరికేసినాక ఆ చీమ ఏం చేస్తాదండీ?" అన్నాడు.

"మిగిలిన కాళ్ళతో నడక నేర్చుకుంటుంది. మళ్ళీ పనికి పోతుంది."

"మిగతావి ఊరుకుంటాయా?"

"ఊరుకోవడమేమిటండీ. అవి మోసుకొచ్చేదే అందుకు."

ఆయన భార్యను పిలిచి, విన్నావా అన్నాడు. మళ్ళీ చెప్పమన్నాడు, చెప్పాను. లోపల మగ్గం చప్పుడు ఆగింది. అరుగు మీద ఉన్నవాళ్ళు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. నాకప్పుడు అర్థం కాలేదు.

ఇక్కడ నేత తెలియనివాళ్ళకు ఒక మాట చెప్పాలి. పడుగు దారాలన్నీ దువ్వెన లాంటి ఒక అచ్చులోంచి పోతాయి. చివరి చీర కోశాక జానెడు కొసలు ఆ అచ్చులోనే వదిలేస్తారు. కొత్త పడుగులో ఒక్కో దారాన్ని ఆ కొసలకు అతుకుతారు. కొసలుంటేనే మగ్గం ప్రాణంతో ఉన్నట్టు. కొసలు లాగేసి అచ్చు దించారంటే ఇక ఆ ఇంట్లో నేత లేదని. నేతగాడు పోయిన ఇంట్లోనే అలా చేస్తారట.

నాంచారయ్య గారు చీర కోశారు. తర్వాత కొసలు గుప్పిట పట్టి, అచ్చులోంచి లాగేశారు. చీర మడతపెట్టి, అచ్చు చంకలో పెట్టుకుని అరుగు మీదికొచ్చారు.

వీరాస్వామి అచ్చు చూశాడు. "కొసలేయి బాబాయ్?"

"నీకింకా ఎందుకురా ఈ శ్రమ. మీ తమ్ముడూ మేమూ అనుకున్నాం. ఇంతమందిమి ఉన్నాం, నిన్నొదిలేస్తామా? వంతులేసుకుని చూసుకుంటాం."

ఇక పడుగు పంపవద్దని షావుకారుకు కూడా ముందే చెప్పేశారు. ఫోనులో చెప్పిందెవరో వేరే అడగక్కర్లేదు. నాకు క్లాసులున్నాయి అని చెప్పిన సాంబశివరావు మొహం కళ్ళముందు కదిలింది. ఈ మాట తన అన్నకు ఎదురుగా చెప్పలేక నన్ను పంపాడు. నా చేతికి ఆ ఇనుమిచ్చి మరీ పంపాడు. పీజీ నుంచి ఉన్న స్నేహం నాకు ఆ అరుగు మీదే చేదెక్కింది.

వీరాస్వామి అరిచాడు. అచ్చు లాక్కోబోయి మంచం మీంచి జారాడు. ఎత్తబోయిన నలుగుర్నీ మోచేతులతో కొట్టాడు. పక్కింటావిడ క్యారియరులో బొమ్మిడాయిల పులుసు తెస్తే విసిరేశాడు, వీధిలో కుక్కలకు పండగైంది. కాసేపు చూసి, ఆవేశంలో ఉన్నాడు, తగ్గనివ్వండి అని ఒక్కొక్కళ్ళూ లేచిపోయారు. చీమల్లోనూ ఇది ఉంది. మరీ గట్టి దెబ్బ తగిలినది కాళ్ళు ముడుచుకోదు, కొట్టుకుంటుంది. ముడుచుకోనిదాన్ని ఎత్తడం కుదరక మిగతావి వదిలేసి పోతాయి. ఆ మాట నేను అరుగు మీద చెప్పలేదు. సాంబశివరావుకు ఫోను చేశాను, ఎత్తలేదు.

మర్నాడు పొద్దున

నేను పక్కింట్లో పడుకున్నాను. తెల్లవారి కాఫీ తాగుతుంటే తోపుడుబండి మీద మట్టి వచ్చింది. వంతు నేసిన ఆ మనుషులే గుంట పూడ్చడానికి తట్టలు పట్టుకొచ్చారు. కర్ర ఊతంతో తిరిగే మనిషి, మగ్గం గుంటలో కాలు జారితే ఉన్న కాలూ పోతుందని వాళ్ళ భయం. భయం నిజమే, ఒక్క ముక్క తీసిపారేయడానికి లేదు. నేను మధ్యలో దూరి, నాలుగు రోజులు ఆగరాదా, ఒకసారి కూర్చుని చూడనివ్వరాదా అని బతిమాలాను. చదువుకున్నవారు, మీరే ఇలా అంటే ఎలాగండీ అన్నారు నాంచారయ్య గారు. కోపంగా కాదు, బాధపడుతూనే అన్నారు.

వీరాస్వామి ఈసారి అరవలేదు. గోడకు ఆనుకుని కూర్చుని చూశాడు. గుంట నిండాక పైన నీళ్ళు చల్లి దిమ్మిస కొడుతున్నప్పుడు కాలు అడ్డంగా ఉందని ఎవరో అంటే, చటుక్కున ముడుచుకున్నాడు. దారిలో పడ్డాడు, ఇంకేం ఫర్వాలేదు అని నాంచారయ్య గారు తుండుతో కళ్ళు ఒత్తుకున్నారు. ఎవరో ఆయనకు ఇడ్లీలు తెచ్చారు, ఇంకెవరో తుంచి నోట పెట్టారు. తిన్నాడు.

సీతారావమ్మ నన్ను సందు చివరి దాకా సాగనంపింది. బస్సు వచ్చేదాకా ఆవిడ మాట్లాడుతుందని, ఊరినీ మరిదినీ కలిపి తిడుతుందని ఎదురు చూశాను. తిడితే నేనూ నాలుగు కలుపుదామని నోట సిద్ధంగా పెట్టుకున్నాను. ఆవిడ కొంగుతో చేతుల మట్టి తుడుచుకుంది. గుంట పూడ్చిన మట్టిలో కొంత ఆవిడ కూడా తట్టకెత్తి పోసింది, నేను చూశాను.

"ఎవర్ని తిట్టమంటారు అన్నయ్యగారూ, అందరూ మంచోళ్ళేనాయె" అంది.